నేల గుణం, ఒంటి రోగం

సూరత్ పేరు వినగానే మీకు ఏవి గుర్తుకొస్తాయి? సానపట్టిన వజ్రాలు, జరీ, దేశమంతా అమ్ముడయ్యే చీరలు. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల వారికైతే మరొకటి కూడా గుర్తుకొస్తుంది. తమ ఊరి నేత కుటుంబాలు ఎన్నో అక్కడికి వెళ్ళి మరమగ్గాల మీద బతుకుతున్నాయి. లింబాయత్, ఉధనా వంటి పేటలలో నడుస్తుంటే తెలుగు మాట చెవిన పడుతూనే ఉంటుంది.

సూరత్‌కు ఇంకో ముఖం ఉంది. అది నేల కింద ఉంది. ఆ ప్రాంతపు రాయి ఏమిటి, మట్టి ఏమిటి, నీరు ఏ రాళ్ళను ఒరుసుకుంటూ వస్తోంది అన్న ప్రశ్నలకు, అక్కడి మనుషులకూ పశువులకూ వచ్చే కొన్ని జబ్బులకూ దగ్గరి సంబంధం ఉంది. ఈ సంబంధాన్ని పరిశీలించే శాస్త్రాన్ని వైద్య భూవిజ్ఞానం అంటారు. పేరు కొత్తదే గాని ఆలోచన పాతది. ఒక ఊరి ఆరోగ్యం తెలుసుకోవాలంటే ముందు అక్కడి గాలిని, నీటిని, నేలను చూడాలని సుమారు 2400 ఏళ్ళ క్రితమే గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరిట వచ్చిన గ్రంథం చెప్పింది.

భూమిలో విషపదార్థాలు ఉన్నాయి కనుక రోగాలు వస్తున్నాయి అనుకుంటే సగమే అర్థమైనట్టు. రాయి తాను ఉన్నచోట కోట్ల ఏళ్ళు నిరపాయంగానే పడి ఉంటుంది. మనం దాన్ని అరగదీసినప్పుడో, దాని లోతుల్లోకి బోరు దించినప్పుడో, దాని మీది నేలను నీటితో నింపినప్పుడో అది మన ఒంట్లోకి దారి చేసుకుంటుంది. ఆ దారి ఎలా ఏర్పడుతుందో సూరత్ పరిసరాల నుంచే చూద్దాం.

సూరత్ కింద ఏముంది?

సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం పశ్చిమ భారతంలో భూమి పగుళ్ళ నుంచి లావా పొరలు పొరలుగా ఉబికి వచ్చి, విశాలమైన ప్రదేశాన్ని కప్పేసింది. చల్లారిన ఆ లావాయే బసాల్ట్ అనే నల్లని రాయి. దీన్ని దక్కన్ ట్రాప్ అంటారు. ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఇది కనిపిస్తుంది. మన ఆదిలాబాద్, వికారాబాద్ ప్రాంతాలలోని నల్లరాయి దీని తూర్పు అంచే.

మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి దగ్గర పుట్టిన తాపీ నది, అంటే మన పురాణాల తపతి, 724 కిలోమీటర్లు ప్రయాణించి సూరత్ దాటి సముద్రంలో కలుస్తుంది. దాని దారిలో చాలా భాగం ఈ బసాల్ట్ మీదుగానే సాగుతుంది. సూరత్ నగరం ఆ నది తెచ్చిన ఒండ్రు మీద నిలబడింది. తూర్పుగా వెళ్ళేకొద్దీ బసాల్ట్ గుట్టలు మొదలవుతాయి.

బసాల్ట్‌లో కాల్షియం, మెగ్నీషియం, ఇనుము ఎక్కువ. ఎండకూ వానకూ అది శిథిలమైతే మనకు బాగా తెలిసిన నల్లరేగడి నేల వస్తుంది. ఇక లావా చల్లారేటప్పుడు వాయువులు తప్పించుకోగా మిగిలిన బుడగల ఖాళీలలోకి సిలికా కరిగిన నీరు చేరి, కాలక్రమాన పొరలు పొరలుగా గట్టిపడింది. అదే అగేట్. గుజరాతీలు అకీక్ అంటారు. ఒకే తల్లి రాతికి పుట్టిన ఈ ఇద్దరు బిడ్డలు, నల్లమట్టీ అకీకూ, రెండు వేర్వేరు దారుల్లో మనిషిని చేరతాయి.

అందమైన పూస, ప్రాణాంతకమైన ధూళి

సూరత్‌కు ఉత్తరాన, నర్మద దక్షిణపు ఒడ్డు వైపున, భరూచ్ జిల్లాలో రతన్‌పూర్ అనే ఊరుంది. బసాల్ట్ నుంచి విడివడి, ప్రాచీన ప్రవాహాలు కూడబెట్టిన గులకరాళ్ళ పొరల్లో అక్కడ అకీకు దొరుకుతుంది. ఆ రాళ్ళు ఖంభాత్ పట్టణానికి చేరి పూసలుగా, ఉంగరపు రాళ్ళుగా, జపమాలలుగా మారతాయి. ఇది నిన్నమొన్నటి వృత్తి కాదు. హరప్పా నాగరికత కాలపు లోథల్‌లో పూసలు చేసే కార్ఖానా తవ్వకాల్లో బయటపడింది. సింధు ప్రాంతపు ఎర్రపూసలు మెసపొటేమియాలోని ఉర్ రాజ సమాధులలో దొరికాయి. రాయిని నిప్పుల మీద కాలిస్తే అందులోని ఇనుము ఆక్సీకరణం చెంది ఆ ఎరుపు వస్తుందని ఆనాటి పనివారికి అనుభవం నేర్పింది.

అకీకు దాదాపు మొత్తం సిలికాయే. మనం పలుగురాయి అని పిలిచే క్వార్ట్జ్‌కు ఇది అతి సన్నని స్ఫటికాల రూపం. చేతిలో పట్టుకుంటే ఏ ప్రమాదమూ లేదు. గిర్రున తిరిగే సానచక్రానికి దాన్ని ఆనించిన క్షణం నుంచే కథ మారుతుంది.

ఆ ధూళిలో మన కంటికి కనిపించే రేణువులు అంత ప్రమాదకరమైనవి కావు. వాటిని ముక్కు వెంట్రుకలు, శ్వాసనాళాల తడి పట్టి ఆపేస్తాయి. కంటికి కనిపించని రేణువులే అసలు శత్రువులు. 5 మైక్రాన్ల కంటే చిన్నవైన ఇవి, అంటే తలవెంట్రుక మందంలో పదో వంతుకు కూడా తక్కువైనవి, ఊపిరితిత్తుల చివరనున్న వాయుగోణుల దాకా చేరిపోతాయి. అక్కడ కాపలా కాసే భక్షక కణాలు బాక్టీరియాను మింగినట్టే వీటినీ మింగుతాయి. బాక్టీరియాను అరిగించుకోగలవు గాని రాయిని ఎలా అరిగించుకుంటాయి? ఆ ప్రయత్నంలో కణమే చచ్చిపోతుంది. రేణువు మళ్ళీ బయటపడుతుంది. మరో కణం దాన్ని మింగుతుంది. ఇలా చచ్చిన కణాలు విడుదల చేసే రసాయనాల వల్ల చుట్టుపక్కల కణజాలం గట్టిపడి, మచ్చకట్టి, చిన్న చిన్న గడ్డలవుతుంది. మెత్తని స్పంజి వంటి ఊపిరితిత్తి క్రమంగా వ్యాకోచించలేని తోలులా మారుతుంది. ఇదే సిలికోసిస్.

ఈ జబ్బును నయం చేసే మందు లేదు. పని మానేసినా లోపల చేరిన రేణువులు తమ పని మానవు. పైగా ఈ ఊపిరితిత్తుల్లో క్షయ సులభంగా పాగా వేస్తుంది. దగ్గు, ఆయాసం చూసి వట్టి క్షయ అనుకుని మందులిస్తూ పోతే అసలు జబ్బు మరుగున పడిపోతుంది.

అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఖంభాత్ పనివారిని ఏళ్ళ తరబడి పరిశీలించింది. ఈ పని పెద్ద కార్ఖానాలలో కాక ఎక్కువగా ఇళ్ళల్లో, వసారాల్లో జరుగుతుంది. కనుక సానపట్టే మనిషితో పాటు పక్కన వంట చేసే ఇల్లాలు, ఆడుకునే పసివాడు, పొరుగింటివారు కూడా అదే ధూళిని పీలుస్తారు. సిలికోసిస్‌ను ఫ్యాక్టరీల చట్టం (1948) ప్రభుత్వానికి తెలియపరచవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది. కాని ఇంటి వసారా ఫ్యాక్టరీ ఎలా అవుతుంది? చట్టం గడప దగ్గరే ఆగిపోయింది, ధూళి మాత్రం లోపలికి వెళ్ళింది.

ఇది అకీకు ఒక్కదాని కథే కాదు. మనం చిన్నప్పుడు పలక మీద దిద్దిన బలపాలను కోసే మందసౌర్ కార్మికులలోనూ ఇదే వ్యాధి కనిపించింది. గుజరాత్‌లోని గోధ్రా ప్రాంతంలో పలుగురాయిని పిండి చేసే మిల్లులకు మధ్యప్రదేశ్ గిరిజన జిల్లాల నుంచి వెళ్ళినవారు ఎందరో దీనికి బలయ్యారు. అలా చనిపోయిన 238 మంది కుటుంబాలకు తలా 3 లక్షల రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని 2016 మేలో సుప్రీంకోర్టు గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది.

నివారణ మాత్రం అంతుచిక్కనిదేమీ కాదు. రాయిని తడిపి సానపడితే ధూళి చాలావరకు లేవకుండానే అణిగిపోతుంది. చక్రం పక్కనే ధూళిని పీల్చేసే గొట్టం, ఫ్యాను అమర్చితే మిగిలినదీ దారి మళ్ళుతుంది. ఖంభాత్ పనివారి కోసం ఇటువంటి పరికరాన్ని వృత్తి ఆరోగ్య సంస్థే రూపొందించింది. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే చాలుననుకోవడం భ్రమ. తువ్వాలు నేతలోని సందులు ఈ రేణువులకు సింహద్వారాలు.

నల్లరేగడి బురదలో

ఇప్పుడు బసాల్ట్ రెండో బిడ్డ సంగతి. నల్లరేగడి గుణం రైతులకు వివరించనక్కరలేదు. వేసవిలో కాలు దిగబడేంత బీటలు వారుతుంది. వాన పడితే ఉబ్బి, జిగటబంకై, నీటిని కిందికి దిగనివ్వదు. దీనిలోని మాంట్‌మొరిల్లనైట్ అనే బంకమన్ను పొరల మధ్య నీటిని ఇముడ్చుకుని ఉబ్బడమే దీనికి కారణం. ఈ నేల సాధారణంగా తటస్థంగా గాని, కొద్దిపాటి క్షారగుణంతో గాని ఉంటుంది. నీటిని పట్టి ఉంచే ఈ నేలే పత్తిని పండించింది, ఆ పత్తే ఈ ప్రాంతపు నేతకు పునాది వేసింది.

సరిగ్గా ఇటువంటి తడి, ఇటువంటి తటస్థ గుణమే లెప్టోస్పైరా అనే మరమేకు ఆకారపు బాక్టీరియాకు కూడా కావాలి. ఎలుకలు, పశువులు, పందులు, కుక్కల మూత్రపిండాలలో ఇది ఉంటుంది. మూత్రంతో పాటు బయటపడుతుంది. ఎండిన నేలలో, ఆమ్లగుణం గల నేలలో త్వరగా చస్తుంది. తడి ఆరని నల్లమట్టిలో మాత్రం వారాల తరబడి బతుకుతుంది. బురదలో వట్టి కాళ్ళతో పనిచేసేవారి చర్మం నానిపోయి ఉంటుంది, గీతలూ పగుళ్ళూ ఉంటాయి. వాటి గుండా రక్తంలోకి చేరుతుంది. జ్వరం, పిక్కల నొప్పులు, ఎర్రబడ్డ కళ్ళతో మొదలై, కొందరిలో కామెర్లుగా, మూత్రపిండాల వైఫల్యంగా, ఊపిరితిత్తుల్లో రక్తస్రావంగా ముదురుతుంది. పశువులలో గర్భస్రావాలు, పాల దిగుబడి తగ్గడం దీని లక్షణాలు. పశువుకూ మనిషికీ ఒకే బురద, ఒకే జబ్బు.

1990ల నుంచి సూరత్, నవసారి, వల్సాడ్ జిల్లాలలో వానాకాలం వస్తే చాలు, వైద్యులు ఈ జ్వరం కోసం ఎదురుచూసే పరిస్థితి ఏర్పడింది. వ్యాధికి గురయ్యేవారిలో వరి, చెరకు పొలాలలో పనిచేసే కూలీలే ఎక్కువ. గుజరాత్‌లోకెల్లా దక్షిణ ప్రాంతంలోనే వానలెక్కువ. దానికి తోడు 1950లలో తాపీ మీద కాక్రాపార్ ఆనకట్ట, 1972లో ఉకాయ్ జలాశయం వచ్చాయి. కాలువ నీటితో ఒకప్పటి మెట్టపొలాలు వరిమళ్ళూ చెరకుతోటలూ అయ్యాయి. పంట పెరిగింది, రాబడి పెరిగింది. నీరు ఇంకని నేలలో నీరు నిలిచే రోజులూ పెరిగాయి. గింజ కోసం ఎలుకలూ చేరాయి.

2006 ఆగస్టులో తాపీ పొంగి సూరత్ నగరంలో అత్యధిక భాగాన్ని ముంచెత్తింది. ఆ నీరు తీశాక లెప్టోస్పైరోసిస్ పొలాలు దాటి పట్టణపు వీధుల్లోకి కూడా వచ్చింది. మోకాటి లోతు నీటిలో నడిచినవారికి, బురద ఎత్తిపోసినవారికి, కాలికి గాయాలున్నవారికి ముప్పు ఎక్కువ.

ఇక్కడ మంచి మాట ఏమిటంటే, సిలికోసిస్‌లా కాకుండా దీనికి మందుంది. పెనిసిలిన్, డాక్సీసైక్లిన్ వంటి మామూలు మందులే మొదటి రోజుల్లో ప్రాణం నిలబెడతాయి. బురదలో పనిచేసి వచ్చిన వారం పదిరోజులకు జ్వరం వస్తే, ఆ సంగతి అడగకపోయినా వైద్యునికి చెప్పాలి. ఆ ఒక్క మాటతో రోగనిర్ణయం దారి మారిపోతుంది.

ఎముకల్లో మోసుకొచ్చిన రాయి

ఇక సూరత్‌లోని మన తెలుగువారి దగ్గరకు వద్దాం. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెల్లో పుట్టి, బోరునీళ్ళు తాగి పెరిగి, ఇరవయ్యో ఏట సూరత్ వచ్చి మరమగ్గం పట్టుకున్న మనిషిని ఊహించండి. అతని పళ్ళ మీద గోధుమరంగు చారలుంటే అవి సూరత్‌వి కావు. అతను వదిలి వచ్చిన గ్రానైట్ రాతివి.

నల్లగొండ కింద ఉన్నది బసాల్ట్ కాదు, దానికంటే ఎన్నో రెట్లు పాతదైన గ్రానైట్. నల్ల అభ్రకం, హార్న్‌బ్లెండ్, అపటైట్, ఫ్లోరైట్ వంటి ఖనిజాల రూపంలో అందులో ఫ్లోరిన్ ఉంటుంది. అయితే ఫ్లోరిన్ ఉన్నంత మాత్రాన నీటిలో కలవదు. నీటిలో కాల్షియం తగినంత ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచి ఎక్కువగా కరగనివ్వదు. నల్లగొండ వంటి పొడి ప్రదేశంలో బైకార్బొనేట్ ఎక్కువైన నీటి నుంచి కాల్షియం సున్నపు గడ్డల రూపంలో విడిపోతుంది. మన రైతులు పొలంలో చూసే తెల్లని సున్నపు గడ్డలు ఇవే. కాపలాదారు తప్పుకున్నాక ఫ్లోరైడ్ స్వేచ్ఛగా కరుగుతుంది. నీరు రాతి పగుళ్ళలో ఎంతకాలం నిలవ ఉంటే అంత ఎక్కువ. అందుకే వాననీటితో నిండే చెరువులో లేని ఫ్లోరైడ్ లోతైన బోరులో ఉంటుంది. ఉత్తర గుజరాత్‌లోని మెహసాణా, బనాస్‌కాంఠా జిల్లాల గొట్టపుబావులలోనూ ఇదే చిక్కు వచ్చింది. అక్కడి నేల ఒండ్రుమట్టే, నీటి కోసం ఇంకా ఇంకా లోతుకు వెళ్ళడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటరాదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. నల్లగొండ బావుల్లో కొన్నిచోట్ల దీనికి ఎన్నో రెట్లు ఉండేది. మన పళ్ళు, ఎముకలు అపటైట్ అనే ఖనిజంతో కట్టినవే. ఫ్లోరైడ్ అందులోని హైడ్రాక్సిల్‌ను తోసేసి ఆ చోట తాను కూర్చుంటుంది. పళ్ళు రూపుదిద్దుకునే బాల్యంలో ఇది జరిగితే పింగాణి పొర గారపట్టి, చారలు పడుతుంది. ఏళ్ళ తరబడి సాగితే ఎముకలు మందమై, కీళ్ళ దగ్గరి స్నాయువులు కూడా ఎముకల్లా గట్టిపడి, వెన్ను వంగి బిగుసుకుపోతుంది.

ఈ జబ్బును ముందు బయటపెట్టినవి పశువులే అన్నా తప్పులేదు. హైదరాబాద్ సంస్థానంలో పశువులకు ఇటువంటి వ్యాధి ఉన్నట్టు 1934లోనే మహాజన్ తెలిపారు. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా మనుషులలో దీన్ని ఫ్లోరోసిస్‌గా గుర్తించి ప్రకటించారు. దేశంలో మానవ ఫ్లోరోసిస్‌కు సంబంధించిన తొలి శాస్త్రీయ కథనాలలో ఇది ముఖ్యమైనది.

నల్లగొండ కథలో మరో మలుపు ఉంది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతంలోని యువకులలో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకునే వైకల్యాన్ని వర్ణించారు. నాగార్జునసాగర్ జలాశయం నిండాక పరిసరాల్లో భూగర్భజలం పైకి వచ్చి, నేల రసాయనం మారి, జొన్నగింజలోకి మాలిబ్డినం ఎక్కువగా చేరిందని, ఆ మాలిబ్డినం శరీరంలోని రాగిని బయటకు నెట్టి ఎముకలను బలహీనపరిచిందని ఆ సంస్థ శాస్త్రజ్ఞులు భావించారు. మాలిబ్డినం ఎక్కువైతే రాగి కరవవుతుందన్నది పశువైద్యులకు అంతకుముందే తెలుసు. ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్ పచ్చికబయళ్ళలో మేసిన పశువులకు విరేచనాలు పట్టి, చిక్కిపోవడానికి ఇదే కారణమని 1930ల చివరలో తేలింది. చికిత్సగా ఇచ్చింది మైలుతుత్తమే.

గమనించండి. కాక్రాపార్ కాలువ, నాగార్జునసాగర్ జలాశయం, లోతు బోరు, సానచక్రం, వీటిలో ఏదీ చెడు తలపెట్టి చేసింది కాదు. ప్రతి ఒక్కటీ కూడు పెట్టింది. కాని నేలలో ఒక మార్పు తెచ్చినప్పుడు ఆ నేల గుణం ముందుగా ఎవరూ అడగలేదు. మూల్యం చెల్లించినవారు కూలీలు, చేతిపనివారు, మెట్టరైతులు.

దారి మూసేయడం ఎలా?

రాయిని మార్చలేం, దారిని మార్చగలం. నల్లగొండే దీనికి సాక్ష్యం. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తొలగించే పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు పెట్టింది. ఆ పేరు ప్రపంచమంతా తెలిసింది. అయినా నిజంగా పెద్ద మార్పు తెచ్చింది బోరునీటిని శుద్ధిచేయడం కాదు, బోరునీటినే మానిపించడం. కృష్ణానది నీరు, 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ గొట్టాల ద్వారా ఆ పల్లెలకు చేరాక, అక్కడ పుట్టే పిల్లల పళ్ళకు చారలు పడే అవసరం తప్పింది. సూరత్‌లో పుట్టి, నగరపాలిక పంచే తాపీ నీరు తాగే నేతకారుల పిల్లల విషయంలోనూ కారణం అదే. పెద్దల వంగిన వెన్ను మాత్రం మంచినీటితో నిటారు కాదు. ఎముకలోని ఫ్లోరైడ్ ఏళ్ళ మీద కొంత కొంతగా తగ్గవచ్చు గాని బిగిసిన కీలు విడదు.

ఇంటి స్థాయిలో మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. బోరునీరు తాగక తప్పనివారు దాన్ని ఒక్కసారైనా ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన లేవు. నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన మేరకు ఇంకా చిక్కనవుతుంది. పట్టి దాచుకున్న వాననీటిలో ఇది దాదాపు ఉండదు. పాలు, కాల్షియం గల ఆహారం కొంత రక్షణ ఇస్తాయి. రాయి కోసే, నూరే పనిలో ఉన్నవారు పొడిగా కోయకుండా తడిపి కోయాలి. పని ఉన్నచోట వంటా, పిల్లల నిద్రా ఉండకూడదు. వానాకాలపు బురదలో దిగేవారికి గమ్‌బూట్లు కావాలి. పశువుల కొట్టంలో నీరు నిలవకుండా వాలు ఉండాలి.

ప్రభుత్వాలు చేయవలసింది ఇంతకంటే పెద్దది. కొత్త కాలువ తవ్వేముందు, కొత్త బోరు పథకం వేసేముందు, రాతి పరిశ్రమకు అనుమతి ఇచ్చేముందు భూగర్భ శాస్త్రజ్ఞుడు, వైద్యుడు, పశువైద్యుడు ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. భూమి పటాలు ఒక శాఖలో, రోగుల లెక్కలు మరో శాఖలో విడివిడిగా ఉన్నంతకాలం వాటి మధ్య సంబంధం ఎవరి కంటా పడదు. ఆ రెండు పటాలను ఒకదానిపై ఒకటి పరిచి చూస్తే, రేపటి జబ్బు ఏ ఊళ్ళో రాబోతోందో ఈనాడే చెప్పవచ్చు.

మీ ఊరి కింద ఏ రాయి ఉందో, మీ కుండలోని నీరు దేనిని ఒరుసుకుని వచ్చిందో మీకు తెలుసా? తెలియకపోతే మీ బడిలోని విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడినో, జిల్లా భూగర్భజల శాఖనో అడిగి తెలుసుకోండి. ఆ ప్రశ్న అడగడానికి డబ్బు ఖర్చు కాదు. అడగకపోవడానికి నల్లగొండలో రెండు మూడు తరాలు తమ వెన్నెముకలతో వెల చెల్లించాయి.